నల్లగొండలో కూర్చుని చేసిన పులి-మేక ఆట

నేను నల్లగొండలో ఉంటాను. పగలంతా దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు, చిన్నాచితకా వెబ్‌సైట్లు చేస్తాను. ఇల్లు దాని మీదే నడుస్తుంది. రాత్రిళ్లు, ఆదివారాలు రాసే కోడ్ వేరు. అది ఎవరూ అడగనిది, ఎవరూ పైసలు ఇవ్వనిది. ఇన్నేళ్లలో అట్లా మొదలుపెట్టినవి చాలానే ఉన్నా, జనం చేతిలోకి వెళ్లి నిలిచినవి రెండు: వడ్ల లెక్క చూసుకునే ఒక చిన్న యాప్, పులి-మేక ఆట. ఆ రెండూ ఎందుకు నిలిచాయో నాకు తెలుసు. వాటిని వాడేవాళ్లు నా పక్కనే ఉన్నారు. వాళ్లు స్క్రీన్ మీద ఎక్కడ ఆగిపోతున్నారో, ఎక్కడ వేలు తడబడుతుందో కళ్లారా చూశాను. "హైదరాబాద్ పోతే ఇంకా మంచిగుంటది గదా" అని అడిగే చుట్టాలకు నేను చెప్పే మాట ఇదే. ఈ పనులు అక్కడ కూర్చుంటే నాతో అయ్యేవి కావు.

వడ్ల యాప్ మా నాయన కోసం మొదలైంది. యాసంగి కోతలై వడ్లు కల్లంలో పోసింది మొదలు కాంటా అయ్యి లారీ ఎక్కేదాకా మా ఇంట్లో అందరికీ టెన్షనే. తేమ 17 శాతానికి దిగిందా, 40 కిలోల బస్తా మీద తరుగు ఎంత పోతోంది, హమాలీ ఎంత, నిన్న ఎన్ని బస్తాలు కాంటా అయ్యాయి, ఇవాళ ఎన్ని మిగిలాయి. ఇదంతా నాయన పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పదు. కానీ నలుగురిలో తీసి చూపించాల్సి వచ్చేసరికి ఆ కాగితం జేబులో చెమటకు తడిసి, మడతల దగ్గర అంకెలు చెరిగిపోయి ఉండేది.

నేను చేసింది ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ పేజీ. నెట్ లేకపోయినా ఫోన్‌లో తెరుచుకుంటుంది. బస్తాలు, తూకం, తరుగు, ధర నింపితే మొత్తం చెబుతుంది. ఆ లెక్కను వాట్సాప్‌లో పంపుకోవచ్చు. ప్రోగ్రాముగా చూస్తే ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలు కూడా రాయగలిగేదే. అసలు పని కల్లం దగ్గర జరిగింది. ఏప్రిల్ ఎండలో ఫోన్ బయటికి తీస్తే నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉన్న స్క్రీన్ మీద మన ముఖమే కనిపిస్తుంది. అందుకే తెల్లటి నేల మీద నల్లటి మందపాటి అంకెలు పెట్టాను. వడ్ల దుమ్ము అంటిన వేళ్లకు చిన్న బటన్లు అందవు కాబట్టి ఒక్కో బటన్‌ను స్క్రీన్ వెడల్పంతా పరిచాను.

ఇంకొకటి గుర్తుంది. 125 బస్తాలంటే 50 క్వింటాళ్లు. 2024–25లో ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. మొత్తం లక్షా పదహారు వేలు. కంప్యూటర్ తన అలవాటు ప్రకారం దాన్ని 116,000 అని చూపించింది. నాయన ఆ అంకెను చూసి ఆగిపోయాడు, వేలితో సున్నాలు లెక్కపెట్టుకున్నాడు. కామాను మన పద్ధతిలో 1,16,000 అని పెట్టడానికి కోడ్‌లో భారతీయ లొకేల్ అని ఒక్క మాట మారిస్తే చాలు. కానీ ఆ ఒక్క మాటతో ఆయనకు ఫోన్ మీద నమ్మకం కుదిరింది. ఆ ఏడాది వానాకాలం నుంచి సన్నాలకు రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ పెట్టింది. దాన్ని ధరలో కలపొద్దు, వేరే గడిలో చూపించు అన్నాడు నాయన. పడ్డ డబ్బు ఏదో, పడాల్సింది ఏదో విడివిడిగా తెలియాలంటే ఆయన చెప్పిందే సరైన పద్ధతి. ఇప్పుడు మా వాడకట్టులో చాలామంది ఫోన్లలో ఆ పేజీ ఉంది.

ఆట సంగతికి వస్తాను. మనసు ఎక్కువ పెట్టింది దాని మీదే.

పులి-మేక బోర్డు చూడనివాళ్ల కోసం ఒక మాట. పైన ఒక శిఖరం. అక్కడి నుంచి నాలుగు గీతలు కిందికి విచ్చుకుంటూ దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. ఆ అడ్డగీతల కొసలను రెండు పక్కలా నిలువు గీతలు కలుపుతాయి. అడుగున నాలుగు కాళ్లను కలిపే గీత ఇంకొకటి. గీతలు కలిసే చోట్లు, కొసలు అన్నీ కలిపి 23. పులులు 3, మేకలు 15. మేకలు ఒక్కొక్కటిగా బోర్డు మీదికి దిగుతాయి, అన్నీ దిగేదాకా దిగినవి కదలవు. పులి పక్క చోటుకు జరగొచ్చు, లేదా పక్కనున్న మేక మీంచి అదే గీతలో అవతలి ఖాళీకి దూకి దాన్ని కొట్టొచ్చు. పులులు మూడూ ఎటూ కదలకుండా కట్టేస్తే మేకలది గెలుపు. దక్షిణాదిలో పాత గుళ్ల నేల బండల మీద ఈ గీతలు చెక్కి ఉండటం చాలామంది చూసే ఉంటారు. ఎంతమంది ఎన్ని మధ్యాహ్నాలు ఆడి ఉంటే రాతిలో గీత చెక్కుకున్నారో అనిపిస్తుంది నాకు.

కోడ్ మొదలుపెట్టినప్పుడు 23 చోట్లలో ఏది దేనికి పక్కదో జాబితా రాయడం సులువుగా తోచే దారి. దూకుడు దగ్గర అది చాలదు. పులి, మేక, అవతలి ఖాళీ మూడూ ఒకే గీత మీద ఉండాలి కదా. అందుకని చోట్లను వదిలేసి గీతలను రాశాను. శిఖరం నుంచి దిగేవి 4, అడ్డంగా 3, అడుగున 1, పక్కల 2. మొత్తం 10 గీతలు. ఈ పదింటిని చోట్ల వరసగా ఇస్తే నడకలు, దూకుళ్లు అన్నీ ప్రోగ్రామే లెక్కకట్టుకుంటుంది. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. బోర్డును సుద్దముక్కతో గీసేటప్పుడు మనిషి చేయి కూడా పది గీతలే గీస్తుంది.

నియమాల కోసం మా అమ్మమ్మగారి ఊరికి వెళ్లాను. దేవరకొండ రోడ్డు మీద ఉంటుంది. అక్కడ రచ్చబండ దగ్గర ఒక తాత ఉన్నాడు, ఈ ఆటలో ఆ చుట్టుపక్కల ఆయనకు పేరు. ఆయన ఊళ్లో ఆరు మేకలు పోతే పులి గెలిచినట్టు. నార్కట్‌పల్లి వైపు మా మేనమామ వాళ్లు ఐదుకే ఆట ముగిస్తారు. కొన్నిచోట్ల మూడు పులులనూ ముందే పైన పెట్టేస్తారు, కొన్నిచోట్ల పులి కూడా మేకతో పాటు వంతుకొకటి దిగుతుంది. ఏది అసలు పద్ధతి అని నేను తేల్చలేదు, తేల్చాల్సిన పని కూడా లేదు. ఆట మొదట్లోనే "మీ ఊరి పద్ధతి" అని ఒక పేజీ పెట్టాను. ఎవరి నియమం వాళ్లు ఎంచుకుంటారు. ఆటలో అందరికీ బాగా నచ్చింది ఆ పేజీయే.

తాతతో ఆడుతూ నేను మొదటి మేకను బోర్డు మధ్యలో పెట్టబోతే చేయి పట్టుకుని ఆపాడు. "గట్ల గాదు బిడ్డా. నడిమిట్ల పెడితే పులి నోట్లె పెట్టినట్టే. ముందుగాల అంచులు పట్టాలె" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాటను పది గీతలతో సరిచూశాను. ఒక గీత కొసన ఉన్న మేకను ఆ గీత వెంబడి కొట్టడం కుదరదు, ఎందుకంటే దాని వెనక దూకి దిగే చోటు లేదు. ఏ గీతలో చూసినా కొసగానే ఉండే చోట్లు బోర్డు మీద 7 ఉన్నాయి: శిఖరం, పక్క నిలువు గీతల నాలుగు మూలలు, అడుగు గీత రెండు చివరలు. అక్కడున్న మేకకు చావు లేదు. తాత ఎప్పుడూ లెక్కపెట్టి చెప్పలేదు గానీ ఆయన మొదటి మేకలన్నీ వాటిలోనే దిగుతాయి. ఆట నేర్పే పాఠంలో మొదటి మెట్టుగా ఆ ఏడు చోట్లనే పచ్చరంగులో చూపించాను.

ఫోన్ తనంతట తాను ఆడాలంటే ఎత్తులు ఆలోచించాలి. నేను వాడింది మినీమ్యాక్స్ అనే పాత పద్ధతి, దానికి తోడు ఆల్ఫా-బీటా కత్తిరింపు, అంటే ఫలితం మార్చలేని ఎత్తులను చూడకుండా వదిలేయడం. నేను ఈ ఎత్తు వేస్తే వాడు ఏం వేస్తాడు, దానికి నేను ఏం వేస్తాను అని కొన్ని మెట్లు ముందుకు చూసి, చివర్లో వచ్చిన బోర్డుకు మార్కులు వేయడం. మార్కులు దేనికి వేయాలన్నదే అసలు ప్రశ్న. చచ్చిన మేకకు ఇన్ని మార్కులు అని పెడితే పులి బాగానే ఆడుతున్నట్టు కనిపిస్తుంది. ఫోన్ తాత చేతికిచ్చాను. ఆయన ఒక మేకను కావాలనే పక్క మూలకు దగ్గరగా వదిలాడు. ఫోన్ పులి వెంటనే కొట్టింది, మూలలోకి పోయింది. తర్వాత రెండు మేకలను నింపాదిగా జరిపి ఆ పులిని కట్టేశాడు. "నీ పులికి ఆకలెక్కువ బిడ్డా. దొరికిందల్లా కొట్టుడే. అసలు పులి ఆగుతది" అన్నాడు.

ఆయన చెప్పిన జబ్బుకు కంప్యూటర్ శాస్త్రంలో హొరైజన్ ఎఫెక్ట్ అని పేరుంది. ప్రోగ్రాము చూడగలిగిన చివరి మెట్టుకు ఒక్క అడుగు అవతల జరిగే నష్టం దానికి కనిపించదు, కంటికి కనిపించే లాభాన్ని పట్టేసుకుంటుంది. మందు రెండు వైపుల నుంచి వేశాను. పులులకు మిగిలిన నడకలకు మార్కులు పెంచాను, చచ్చిన మేకకు తగ్గించాను. ఏదైనా పులికి ఒకటో రెండో నడకలే మిగిలినప్పుడు, లేదా ఎదురుగా దూకుడు ఉన్నప్పుడు, లెక్కను అక్కడే ఆపకుండా ఇంకా లోతుకు చూడమన్నాను. దాంతో పనిభారం పెరిగింది. ఆటను నేను చేసింది గొడో అనే ఇంజిన్‌లో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో. దాని సొంత భాష జీడీస్క్రిప్ట్ రాయడానికి హాయిగా ఉంటుంది కానీ ఇట్లాంటి లెక్కలకు నెమ్మది. అందుకే ఆలోచించే భాగం మొత్తాన్ని సీ ప్లస్‌ప్లస్ అనే వేగంగా నడిచే భాషలో మళ్లీ రాశాను. ఉంటే ఒకటి, లేకుంటే సున్నా అని చోటుకొక బిట్ చొప్పున 23 చోట్లు ఒక 32 బిట్ల అంకెలో సరిపోతాయి. మేకలకు ఒక అంకె, పులులకు ఒక అంకె. ఖాళీ చోట్లు ఏవో తెలుసుకోవాలంటే రెండిటినీ కలిపి తిరగేస్తే చాలు. మా అత్త దగ్గరున్న పాత ఫోన్‌లో కూడా పులి ఇప్పుడు కళ్లు మూసి తెరిచేలోపు ఎత్తు వేస్తుంది.

ఇంకో చిక్కు కూడా తాత దగ్గరే తేలింది. ఓడిపోయేటట్టున్న ప్రోగ్రాము ఒకే మేకను అటూ ఇటూ తిప్పుతూ కాలక్షేపం చేసేది. ఎత్తుల ప్రకారం అందులో తప్పేం లేదు. రచ్చబండ దగ్గర ఎవరైనా అట్లా ఆడితే చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు, "ఆటాడుతున్నవా, ఊయల ఊపుతున్నవా" అని గదమాయిస్తారు. పాత బోర్డు మళ్లీ మళ్లీ రాకుండా గుర్తుపెట్టుకునే నియమాన్ని కోడ్‌లో చేర్చాను. మనుషుల ఆటలో రాయని నియమాలు ఎన్ని ఉంటాయో ఈ ప్రాజెక్ట్ వల్లే నాకు అర్థమైంది.

గొడోను ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియెల్ మన్సూర్ మొదలుపెట్టిన ఇంజిన్ ఇది. 2014లో ఎంఐటీ లైసెన్స్ కింద, అంటే ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా కోడ్ మొత్తం బయటపెట్టారు. ఫీజు లేదు, ఆట అమ్ముడుపోతే వాటా లేదు. 2023 సెప్టెంబర్‌లో ఒక పెద్ద ఇంజిన్ కంపెనీ ఇన్‌స్టాల్‌కు ఇంత అని ఫీజు ప్రకటించి, గొడవ పెద్దదయ్యాక మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. నా లాంటి ఒంటరి డెవలపర్‌కు రేపు నియమం మారదన్న ధీమా చాలా పెద్ద విషయం. ఏళ్ల తరబడి రాత్రిళ్లు పెట్టే పని ఎవరి చేతుల్లోనో ఉండకూడదు.

కానీ నేను మొదట వాడిన పాత వెర్షన్ గొడో 3లో తెలుగు రాదు. అక్షరాలు ఉంటాయి, తెలుగు ఉండదు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ ముక్కలను చూసి, ఫాంట్‌లోంచి సరైన ఆకారాలు తీసి, వత్తును కిందికి, గుడిని పైకి కూర్చే పనిని షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్‌లోనూ క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలోనూ హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ పని చేస్తుంది. గొడో 3లో ఆ మెట్టే లేదు. వత్తులన్నీ పొల్లుతో విడిపోయి, గుడులు పక్కకు జరిగి వచ్చేవి. నా ఆటలో తెలుగు తప్ప ఇంకో భాష వద్దనుకున్నాను. తాత కోసం చేసే ఆటలో "ప్లే", "ఎగ్జిట్" అని ఇంగ్లీషు మాటలు పెట్టడానికి మనసొప్పలేదు. అందుకని కొన్నాళ్లు ప్రతి మాటనూ ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రాసి బొమ్మగా చేసి అతికించాను. ఒక వాక్యం మార్చాలంటే బొమ్మ మళ్లీ తయారు చేయాలి, అన్ని స్క్రీన్ సైజులకూ చూసుకోవాలి.

2023 మార్చిలో గొడో 4.0 వచ్చింది, హార్ఫ్‌బజ్‌తో సహా. ఆ రాత్రి పాత బొమ్మలన్నీ తీసేసి మామూలు అక్షరాల్లో "మళ్లీ ఆడు" అని టైప్ చేసి చూసుకున్నాను. ళ కింద ల వత్తు కుదురుగా కూర్చుని ఉంది. ప్రపంచంలో ఎక్కడో కూర్చుని జీతం లేకుండా ఆ పని చేసినవాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అక్కడితో పని అయిపోలేదు. అదే "మళ్లీ ఆడు" బటన్‌లో పైన గుడిదీర్ఘం తల, కింద వత్తు అడుగు కత్తిరించుకుపోయాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి గీసిన డబ్బాలో తెలుగు పట్టదు. పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ప్రతి బటన్‌కూ పైనా కిందా జాగా పెంచి, అక్షరాల సైజును కాస్త తగ్గించి కుదుర్చుకున్నాను. ఫాంట్ల విషయంలో ఇబ్బంది పడలేదు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లు ఉన్నాయి. పేరు రాయడానికి రామభద్ర, మిగతా చోట్ల మండలి. రెండూ ఓపెన్ లైసెన్స్ ఉన్నవే, ఆటలో కలిపి ఇవ్వొచ్చు.

పాఠం చెప్పేచోట మాటలు ఒక్కో అక్షరమే టైప్ అవుతున్నట్టు రావాలని కోరిక. తెలుగులో అది కళ్లకు చాలా ఇబ్బందిగా ఉంటుంది. ముక్క ముక్కగా వస్తే "స్త్రీ" ముందు స, తర్వాత స్, తర్వాత స్త అని ఆకారం మారుతూ గెంతుతుంది. గొడో 4లో దీనికి ఒక సెట్టింగ్ ఉంది: షేపింగ్ కాకముందు దాచాలా, అయ్యాక దాచాలా అని. రెండోది ఎంచుకుంటే అక్షరం పూర్తి రూపంతోనే బయటికొస్తుంది. ఈ చిన్న సెట్టింగ్ పెట్టినవాళ్లకు మన లాంటి భాషలు తెలుసు. అట్లా ఆలోచించనిచోట ఏం జరుగుతుందో 2018 ఫిబ్రవరిలో అందరం చూశాం. ఒక తెలుగు అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయేవి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. తెలుగులో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు తెలుగును చివర్లో అనువాదంగా అతికించకుండా మొదటి రోజు నుంచే తెలుగులో నడిపి చూడాలని నేను గట్టిగా చెప్తాను.

చప్పుళ్ల కోసం పెద్దగా కష్టపడలేదు. ఊరి బయట మేకల మంద దగ్గరికి వెళ్లి ఫోన్‌లో రికార్డ్ చేశాను. గాలి హోరును ఆడాసిటీలో తగ్గించాను. మేకను కొట్టినప్పుడు వచ్చే అరుపు మరీ నిజంగా ఉందని మా చెల్లెలి కూతురు ఏడ్చింది. దాని బదులు రాయి మీద గవ్వ పడ్డ చప్పుడు పెట్టాను.

ప్లే స్టోర్‌లో పెట్టడం ఇంకో ప్రయాణం. డెవలపర్ ఖాతాకు 25 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. 2023 నవంబర్ తర్వాత కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు మాత్రం ఆటను అందరికీ విడుదల చేసే ముందు కొంతమందితో 14 రోజులు ఆపకుండా పరీక్షించాలి. మొదట్లో 20 మంది కావాలనేవారు, 2024 డిసెంబర్‌లో 12కు తగ్గించారు. నా వంతు వచ్చేసరికి 12. క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగే దోస్తులు, మేనమామ కొడుకులు, నా దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకున్న కిరాణా షాపు అన్న, ఇట్లా మనుషుల్ని కూడగట్టాను. చెప్పినంత సులువుగా జరగదు. ఫోన్‌లో రెండు జీమెయిల్ ఖాతాలు ఉంటాయి, లింక్ ఒకదాంట్లో తెరుచుకుంటుంది, ప్లే స్టోర్ ఇంకోదాంట్లో నడుస్తుంది, ఆట కనపడదు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని చేయించాను. కిరాణా అన్న మధ్యలో ఫోన్ మార్చాడు. అయినా ఖాతా అదే కాబట్టి లెక్క తప్పలేదు. ఏ వివరమూ సేకరించని ఆటకైనా ప్రైవసీ పాలసీ పేజీ ఉండాలి, డేటా సేఫ్టీ ఫారం నింపాలి. ముందే సిద్ధం చేసుకుంటే చివర్లో హైరానా ఉండదు.

విడుదలయ్యాక పని ఆగుతుందనుకోవద్దు. ఆట అట్లాగే ఉన్నా దాని కింది నేల మారుతూ ఉంటుంది. ఏటా కొత్త ఆండ్రాయిడ్ స్థాయికి తగ్గట్టు అప్‌డేట్ ఇవ్వాలి. 2025 నవంబర్ నుంచి ఆండ్రాయిడ్ 15కు చేసే యాప్‌లు మెమరీని 16 కేబీ ముక్కలుగా (వీటినే పేజీలంటారు) వాడే ఫోన్లలో కూడా నడవాలన్న నియమం వచ్చింది. మామూలు జావా యాప్‌లకు దాంతో పెద్ద పని లేదు. నా ఆటలో ఇంజిన్ ఉంది, నా సీ ప్లస్‌ప్లస్ లైబ్రరీ ఉంది. రెండిటినీ కొత్త వెర్షన్‌కు మార్చి మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. వేరే ప్రాజెక్ట్ మొదలుపెట్టే ముందు నాకు నేను ఇప్పుడు వేసుకునే ప్రశ్న ఒకటుంది: దీన్ని ప్రతి ఏడాదీ తెరిచి సాకగలనా?

ఆ ప్రశ్న వల్లే దేవరకొండ కోట ఆట ఆగి ఉంది. ఏడు గుట్టల మధ్య రేచర్ల పద్మనాయకులు కట్టిన కోట అది. అందులో తిరిగే త్రీడీ ఆట చేయాలని ఎప్పటినుంచో ఆశ. ఫొటోలు తీసుకొచ్చి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక దర్వాజ కట్టాను, రాళ్ల మధ్య సందులతో సహా. బాగా వచ్చింది. ఒక్క దర్వాజకు పట్టిన రాత్రిళ్లను బట్టి మొత్తం కోటకు ఏమవుతుందో తెలుస్తూనే ఉంది. వదిలేయలేదు. ఫైలు అక్కడే ఉంది. తోడుగా బొమ్మలు చేసేవాళ్లు ఒకరు దొరికితే మళ్లీ తెరుస్తాను.

ఇప్పుడు నా రాత్రిళ్లు ఇంకో ప్రశ్న మీద పోతున్నాయి. రెండు వైపులా ఒక్క తప్పు కూడా లేకుండా ఆడితే పులి-మేకలో గెలుపు ఎవరిది? తాత మేకలదే అంటాడు. నేపాల్‌లో ఆడే బాఘ్‌చాల్ మన ఆటకు చుట్టమే: 25 చోట్లు, 4 పులులు, 20 మేకలు. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు కంప్యూటర్‌తో లెక్కించి అది డ్రా అని తేల్చారు. మన బోర్డు ఇంకా చిన్నది. మూడు పులులు కూర్చోగల తీర్లు 1,771. తాత ఊరి పద్ధతిలో, మేకలన్నీ దిగాక, 10 నుంచి 15 మేకలతో వచ్చే బోర్డులు సుమారు 108 కోట్లు. వంతు ఎవరిదో కూడా కలిపితే దానికి రెట్టింపు. గెలుపు, ఓటమి, డ్రా అని ఒక్కోదానికి రెండు బిట్లు చాలు కాబట్టి మొత్తం 54 కోట్ల బైట్లు, అంటే సుమారు అర జీబీ. బోర్డు కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి కాబట్టి అందులో సగమే దాచుకోవచ్చు. ముగిసిన ఆటల నుంచి వెనక్కి నడుస్తూ ఈ పట్టిక నింపాలి. నా పాత ల్యాప్‌టాప్‌కు ఇది అందే పనే.

ఐదు మేకలకే ముగిసే మేనమామ వాళ్ల పద్ధతిలో బోర్డులు దాదాపు 75 కోట్లకు తగ్గుతాయి. అందుకే ముందు దాన్ని కడుతున్నాను. అది అయ్యాక ఆరు మేకలది. ఒక్కో ఊరి పద్ధతికి ఒక్కో పట్టిక కావాలి. పట్టిక చేతికొస్తే ఆటలో ఇంకో బటన్ పెడతాను: ముగిసిన ఆటను వెనక్కి తిప్పి, గెలుపు ఏ ఎత్తు దగ్గర చేయి జారిందో చూపించేది. మా గల్లీ పిల్లలు తాతతో ఆడి ఓడినప్పుడల్లా నన్ను అడిగేది ఆ ఎత్తు గురించే.